మందు పెట్టిన చెయ్యి

తార్నాక
14 జూన్ 1998

వదినా,

ఉత్తరం ఇంటికి కాకుండా బస్టాండు దగ్గరి నీ కుట్టు షాపుకు రాస్తున్నాను. ఇంటికి వస్తే అమ్మ ఎవరో ఒకరితో చదివించుకుంటుంది. ఆ తర్వాత నీ గతి ఏమవుతుందో నాకు తెలుసు.

కుదురుగా కూర్చుని చదువు. మొన్న క్యాంపస్ లైబ్రరీలో ఒక విదేశీ పత్రిక చూశాను. న్యూజిలాండ్‌లో మావోరీల కుటుంబం ఒకటి ఉంది. వాళ్ళలో తరతరాలుగా చిన్న వయసులోనే కడుపు క్యాన్సర్‌తో చనిపోతున్నారు. ఎందుకో ఇప్పుడు పట్టుకున్నారు. మన ఒంట్లో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలంటే ఒక ప్రోటీన్ కావాలి. దాన్ని తయారుచేసే జన్యువు వాళ్ళలో పాడై ఉంది. అది అమ్మ నుంచో నాన్న నుంచో బిడ్డకు వస్తుంది. పుట్టిన ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం, రాని అవకాశం సగం. వచ్చిన వాళ్ళందరికీ జబ్బు చేస్తుందని కాదు, కానీ చాలామందికి చేస్తుంది.

చదువుతుంటే నాకు మన ఇల్లే కనిపించింది. తాత అలాగే పోయాడు. నాన్న వాళ్ళ అక్క అలాగే పోయింది. అప్పటికి నువ్వు పుట్టనే లేదు. నువ్వు కోడలిగా వచ్చిన మరుసటి ఏడే నాన్న పోయాడు. వంట నీది కాబట్టి కూట్లో మందు పెట్టావన్నారు. ఐదేళ్ళ కింద కృష్ణన్న పోయేసరికి ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. నీ మొగుడికి నువ్వే మందు పెట్టి చంపుకున్నావని నమ్మినవాళ్ళలో మా అమ్మ మొదటిది. డాక్టర్లు క్యాన్సర్ అని చెప్పినా, “మందు వల్లనే క్యాన్సర్ అయ్యింది” అంది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈ సంగతి మా గైడ్ సార్‌కు చెబితే, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, “నీ టాపిక్ ఏంటమ్మా? రంగుల ఫ్యాక్టరీ కార్మికుల క్రోమోజోములు. ఇంటి గోల ఇంట్లో పెట్టుకో” అన్నాడు. అయినా నేను వదలను. పక్క ల్యాబ్‌లో కావలసిన మిషన్ ఉంది. సాయంత్రాలు వాడుకోనిస్తామన్నారు. నాకు కావలసింది మన వాళ్ళ రక్తం. అమ్మది, మిగిలిన ఒక్క అన్న సంజీవ్‌ది, వీలైతే నీ నవతది. పెద్దలకు బియ్యమిచ్చే పెత్తరమాసకు ఊరికొస్తాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు.

నీ చెయ్యి ఏ పాపమూ చేయలేదు వదినా. అది కాగితం మీద రాసి చూపిస్తాను.

అమల


గుండ్లపల్లి
2 జూలై

అమలా,

ఆ మావోరీ వాళ్ళకు నా దండాలు చెప్పు. వాళ్ళ కోడళ్ళెవరికీ మందు పెట్టే తెలివి లేదు కాబట్టి డాక్టర్లు పాపం జన్యువు దాకా వెతుక్కుంటూ పోవాల్సి వచ్చింది. ఇక్కడ అంత శ్రమ ఎవరికీ అక్కర్లేదు. నేనున్నాను కదా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి కోపమొచ్చింది. పదిహేనేళ్ళుగా ఒకే వాకిట్లో వేరే పొయ్యి మీద వండుకుంటున్నాను. వాళ్ళ నీళ్ళ కుండ ముట్టను. పండుగకు చుట్టాలొస్తే నవత వడ్డించాలి, నేను అటు వైపు చూడకూడదు. చూపుతో కూడా మందు పెడతారట. మొన్న పక్కింటి పిల్లకు నేనిచ్చిన బిస్కెట్టును వాళ్ళమ్మ నవ్వుకుంటూ తీసి కోడికి వేసింది. ఆ నవ్వు ఉంది చూడు, తిట్టినా బాగుండేది. ఇప్పుడు నువ్వు కాగితం తెచ్చి చూపిస్తే వీళ్ళు, “అయ్యో, తప్పైంది వాసంతీ” అంటారా? నీకు పీహెచ్‌డీ ఎవరిస్తున్నారో గానీ ఈ ఊరి సంగతి మాత్రం తెలియదు.

ఇంకొకటి. బిడ్డకు సగం సగం అని రాశావు. ఆ సగంలో నా నవత కూడా ఉందన్న మాట దగ్గర తెలివిగా పెన్ను ఆపేశావు. టెన్త్ దాకే చదివినా లెక్కలు నాకూ వచ్చు.

రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. సంజీవ్ కంచంలో సగం బువ్వ వదిలేసి లేస్తున్నాడు. నాలుగు ముద్దలకే కడుపు నిండిందంటున్నాడు. నా గుమ్మంలోంచి కనబడుతుంది. పోయిన నెల ప్యాంటు నడుము తగ్గించమని నవతతో పంపాడు. ఈ నెల అదే ప్యాంటు మళ్ళీ పంపాడు. మీ పెద్దన్నకు కూడా ఇలాగే మొదలైంది. నేను చూసి ఊరుకున్నాను.

వాసంతి


తార్నాక
13 జూలై

వదినా,

ఊరుకున్నావా! ఊరుకోవడమేంటి?

ఉత్తరం అందిన రోజే ఎస్టీడీ బూత్ నుంచి మన సర్పంచ్ ఇంటికి ఫోన్ చేసి సంజీవన్నను పిలిపించాను. “గ్యాస్ ట్రబులే అమలా, గోలీలు మింగుతున్న, తగ్గుతది” అన్నాడు. హైదరాబాద్ వచ్చి గొట్టం పరీక్ష చేయించుకో, గొంతులోంచి సన్నటి గొట్టం వేసి కడుపు లోపల చూస్తారు, అంతే అన్నాను. “దసరా అయినంక చూద్దాం” అని పెట్టేశాడు. రాజన్న మామ తన బిడ్డను ఇస్తానంటున్నాడట కదా. పెళ్ళి మాటలు నడుస్తుంటే ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాడని తెలియకూడదట. అమ్మ పక్కనే నిలబడి చెప్పించినట్టుంది.

నువ్వు ఒక్క మాట చెప్పు వదినా. అమ్మకు కాకపోతే అన్నకే చెప్పు. కృష్ణన్నకు దగ్గరుండి చేసినదానివి నువ్వు. ఇందులో నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?

ఇక్కడ నా పని నత్త నడక. కృష్ణన్న ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనం దిమ్మలో పెట్టి ఆసుపత్రిలో దాచి ఉంటారు. అది దొరికితే చాలు. రికార్డు గదిలో అడిగితే పెద్ద డాక్టర్ ఉత్తరం తెమ్మన్నారు. పెద్ద డాక్టర్, “మీ సార్ ఉత్తరం తే” అన్నాడు. మా సార్, “నా పేరు ఇందులోకి లాగకు” అన్నాడు. ముగ్గురి మధ్య బంతిలా తిరుగుతున్నాను. కరెంటు పోయి నిన్న చేసిన పని మొత్తం పాడైంది. మిషన్ మీద తల పెట్టి ఏడ్చాను.

అమల


గుండ్లపల్లి
24 జూలై

అమలా,

తార్నాకలో కూర్చుని “ఒక్క మాట చెప్పు” అనడం బాగుంది.

ఆ ఒక్క మాట నేను చెబితే ఏమవుతుందో చెప్పనా? “సంజీవ్‌కు కడుపుల రోగమున్నది, పట్నం తీస్కపోండ్రి” అని నా నోట వచ్చిందనుకో. “నీకెట్ల తెలుసు?” అంటారు. “నువ్వు పెట్టినవ్ గాబట్టే తెలుసు” అని వాళ్ళే జవాబు చెప్పుకుంటారు. మీ పెద్దన్నకు బాగా లేదని మొదట గుర్తుపట్టింది నేనే. మొదట గుర్తుపట్టిందే సాక్ష్యమైంది. మళ్ళీ అదే గోతిలో దూకమంటావా?

చూస్తూ ఊరుకుంటే అతను పోతాడు. చెబితే నేను పోతాను, ఎలాగూ వాళ్ళు వినరు కాబట్టి అతనూ పోతాడు. నాకు ఏ దారీ కనిపించడం లేదు. మనసంతా చికాకుగా ఉంది, నిన్న ఎవరిదో జాకెట్టు చంకలు తప్పు కత్తిరించాను.

నువ్వు వాళ్ళ ఇంటి బిడ్డవు. నువ్వు చెప్పు.

వాసంతి


తార్నాక
28 సెప్టెంబర్

వదినా,

చెప్పమన్నావు, చెప్పాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

నువ్వు ఆ రోజు నీ గదిలోంచి బయటికి రాలేదు, మంచి పని చేశావు. అరుపులు వినే ఉంటావు, కానీ ఏం జరిగిందో నానుంచి విను. పెత్తరమాస బియ్యం ఇచ్చి వచ్చాక అందరూ భోజనాలకు కూర్చున్నారు. నాన్న ఫోటోకు దండ వేసి ఉంది, పక్కన కృష్ణన్నది. ఇంతమంది ఒకచోట మళ్ళీ దొరకరనుకున్నాను. నా తెలివితక్కువతనం చూడు, రాజన్న మామ పంక్తిలో ఉన్నాడన్న ధ్యాసే లేదు. లేచి నిలబడి పాఠం చెప్పినట్టు మొదలుపెట్టాను. మన ఇంట్లో ఎవరూ మందు పెట్టలేదు, ఇది మన రక్తంలోనే వస్తున్నది, అందరూ రక్తం ఇవ్వాలి, సంజీవన్న వెంటనే పరీక్షకు రావాలి అన్నాను.

మామ విస్తరి మడిచాడు. అప్పటికి పెరుగు కూడా వడ్డించలేదు. చెయ్యి కడుక్కుని, “అక్కా, పిల్ల ముచ్చట తర్వాత చూద్దాం” అని వెళ్ళిపోయాడు.

అమ్మ నా జుట్టు పట్టుకోలేదు, అంతే. “మా రక్తం మీద పడ్డవేందే! మందు పెట్టిందంటే పెట్టినోళ్ళ పాపం. రక్తంల ఉన్నదంటే నా పిల్లలందరికీ మచ్చ. గా వాసంతి కోసం నీ తోడబుట్టినోని పెండ్లి చెడగొడ్తవా?” అంది. నాకు అప్పుడు అర్థమైంది వదినా. అమ్మకు తెలియక నిన్ను నిందించడం లేదు. నీ మీద వేస్తే ఇంటి మీద పడదు, అందుకే నువ్వు వాళ్ళకు కావాలి. ఇన్నేళ్ళూ నేను అజ్ఞానం అనుకున్నాను. అజ్ఞానమైతే చదివించి పోగొట్టొచ్చు.

సంజీవన్న నన్ను బస్సెక్కించడానికి వచ్చాడు. దారంతా పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నడిచాడు. రమ్మని బతిమాలాను. “అమ్మ ఒప్పుకోవాలె” అన్నాడు. ముప్పై ఒకటో ఏట!

వచ్చినప్పటి నుంచి ల్యాబ్‌కు పోబుద్ధి కావడం లేదు. అక్కడ అన్నీ తెలుసుకుని ఊళ్ళో ఒక్క మనిషిని కదిలించలేకపోయాను. ఛీ.

అమల


గుండ్లపల్లి
17 అక్టోబర్

అమలా,

నువ్వు వెలిగించి వెళ్ళిన మంట ఇక్కడ బాగా మండుతున్నది.

రక్తం కాదు, మందే అని రాజన్నకు చూపించాలని మీ అమ్మ పట్టుబట్టింది. సంజీవ్‌ను, రాజన్నను వెంటబెట్టుకుని మందు కక్కించే ఈరమ్మ దగ్గరికి పోయింది. నవతను కూడా తీసుకుపోయారు, చెంబు పట్టుకోవడానికి. పిల్ల వచ్చి చెప్పింది. ఏదో ఆకు పసరు తాగించిందట. అతను పేగులు బయటికొచ్చేలా కక్కాడట. ఈరమ్మ ఆ కక్కిన దాంట్లో వేలు పెట్టి వెంట్రుకలు చుట్టిన నల్లటి ఉండ తీసి చూపించి, “ఇగో, గిదే మందు. ఇంట్ల ఆడమనిషే పెట్టింది” అందట. ఆ ఉండ ముందే ఆమె వేళ్ళ సందులో ఉందని నవత అంటుంది. దానికి పదిహేనేళ్ళు, దాని మాట ఎవరికి కావాలి? రాజన్న నెమ్మదించాడు. పెళ్ళి మాట మళ్ళీ మొదలైంది. అందరూ సంతోషంగా ఉన్నారు.

సంజీవ్ తప్ప. ఇంటికొచ్చినప్పటి నుంచి గంజి కూడా ఆగడం లేదు. మొన్న వాకిట్లో కక్కాడు, కాఫీ పొడిలా నల్లగా ఉంది. మీ పెద్దన్నకు ఆ రంగు చివర్లో చూశాను. ఇతనికి ఇంకా చివర కాదేమో, నాకు తెలియదు. మీ అమ్మ మాత్రం, “ఇంకొంచెం మిగిలింది, అమాస ఎల్లినంక మళ్ళ కక్కిపిస్త” అంటున్నది. మళ్ళీ కక్కిస్తే ఆ మనిషి అక్కడే పోతాడు.

నేను ఒకటి అనుకున్నాను. అది నీకు రాయను. రాస్తే వద్దంటావు. నాకు నువ్వు వద్దనడం ఇష్టం లేదు.

ఆసుపత్రిలో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే మాట్లాడి పెట్టుకో.

వాసంతి


తార్నాక
8 నవంబర్

వదినా,

నీ మీద ఎంత కోపంగా ఉందో ఈ చేతిరాత చూస్తే తెలుస్తుంది.

ముందు మంచి కబురు. సంజీవన్నకు ఆపరేషన్ అయింది. గొట్టం పరీక్షలో కడుపు గోడ గట్టిపడి కనిపించింది, ముక్క తీసి చూస్తే క్యాన్సరే. మొత్తం కడుపు తీసేసి పేగును పైకి కలిపారు. ఇప్పటికైతే బయటికి పాకినట్టు లేదన్నారు. ఇంకో రెండు మూడు నెలలు ఆగితే కోయడం కూడా దండగయ్యేదట. ఖాయంగా బాగైనట్టేనా అంటే డాక్టర్ తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ మళ్ళీ చూపించుకుంటూ ఉండాలన్నాడు. కానీ మనిషి దక్కాడు. నిన్న రెండు చెంచాల జావ తాగి, నన్ను చూసి నవ్వాడు.

ఇక నా కోపం. అమ్మ కొడుకును ఆటోలో వేసుకుని తార్నాకలో నా గది ముందు దిగితే నా కళ్ళను నేనే నమ్మలేదు. నా మాట ఎక్కిందేమో, నా పాఠం పనిచేసిందేమో అని ఒక్క క్షణం పొంగిపోయాను కూడా. అమ్మ గుమ్మంలోనే కూలబడి, “వాసంతి ఒప్పుకున్నది. గొట్టమేసి తియ్యకపోతే బయిటికి రాదట” అంది. ఆపరేషన్ థియేటర్ బయట పెద్ద డాక్టర్ కాళ్ళు పట్టుకుని, “మందు మొత్తం తీసిండ్రా సారూ?” అని అడిగింది. ఆయన తీరిక లేక, “ఆ, తీసేశాం” అని వెళ్ళిపోయాడు. నాకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది.

ఎందుకు చేశావు? నీ మీద పడ్డ మచ్చ తుడవాలని నేను ఇక్కడ ఐదు నెలలుగా కుక్కలా తిరుగుతున్నాను. ఒక్క మాటతో నువ్వే దాన్ని చెరగని మచ్చ చేసుకున్నావు. ఇక నేనేం చూపించాలి, ఎవరికి చూపించాలి? నువ్వు ఎక్కడున్నావు? సర్పంచ్ ఇంటికి ఫోన్ చేసి అడిగితే నీ షాపుకు తాళం వేసి ఉందన్నారు. ఈ ఉత్తరం ఆలేరులో మీ తమ్ముడి ఇంటికి రాస్తున్నాను. దెబ్బలేమైనా తగిలాయా? నవత ఎక్కడ?

అమల


ఆలేరు
19 నవంబర్

అమలా,

నీ ఉత్తరంలో మొదటి నాలుగు వరుసలు చదివి దేవుడికి దండం పెట్టుకున్నాను. మిగతాది చదివి నవ్వుకున్నాను. నీకు కోపమొస్తే అక్షరాలు గెలికినట్టుంటాయి.

ఎందుకు చేశానంటావా? నిజం చెబితే వినరు. నువ్వు చెప్పి చూశావు. అబద్ధమైతే వింటారు, ఎందుకంటే అది వాళ్ళు పదిహేనేళ్ళుగా వినాలనుకుంటున్న అబద్ధం. అది నా దగ్గర మాత్రమే ఉంది. పట్టుకుని కూర్చుంటే నాకేమొస్తుంది?

పొద్దున్నే నలుగురూ నీళ్ళు పట్టుకునే చోటికి వెళ్ళాను. ఇంట్లో చెబితే మీ అమ్మ మింగేస్తుంది, నలుగురిలో చెబితే మింగలేదు. “అత్తమ్మా, నేనే పెట్టిన. ఈరమ్మ తీసింది పైది. అసలుది కడుపు గోడకు అతుక్కున్నది. పసరు తాగిస్తే ఇంక లోపటికి పోతది. పట్నంల గొట్టమేసి చూసి కోసి తీస్తేనే వస్తది. జల్ది తీస్కపో” అన్నాను. గొట్టం సంగతి నీ ఉత్తరంలోదే. నీ చదువు పూర్తిగా వృథా పోలేదు.

మీ అమ్మ కొట్టింది. నాలుగు దెబ్బలు. ఆమె చేతిలో బలం లేదు పాపం. మిగతావాళ్ళు కొట్టబోతే ఆమే అడ్డుపడింది. నేను చస్తే మందు ఎక్కడ అతుక్కుందో చెప్పేవాళ్ళుండరని భయం. కుట్టు మిషన్ తెచ్చి రోడ్డు మీద పడేశారు. చక్రం వంకరపోయింది, మా తమ్ముడు సరిచేయించాడు. నవతా నేనూ ఇక్కడే ఉన్నాం. పిల్లను ఇక్కడి బళ్ళో చేర్చాను.

బాధ లేదని అబద్ధం చెప్పను. ఆ మాట అన్నాక నా నోరు నాకే చేదుగా అనిపించింది. మీ పెద్దన్నకు నేను వండి పెట్టిన ప్రతి ముద్ద గుర్తొచ్చింది. ఆయన పోయేముందు నా చేయి పట్టుకుని, “నువ్వు పెట్టలేదని నాకు తెలుసు” అన్నాడు. అది విన్నది నేనొక్కదాన్నే. ఆ రోజు ఆయన మాటను కూడా నేనే అబద్ధం చేసినట్టయింది. దానికి మాత్రం ఏడ్చాను.

నన్ను తిట్టకు. ఆ మనిషికి మెల్లగా జావ పట్టించు.

వాసంతి


తార్నాక
21 మార్చి 1999

వదినా,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి చేతిలో ఏదైనా ఉండాలనుకున్నాను.

ఇప్పుడు ఉంది. కృష్ణన్న మైనం దిమ్మ చివరికి దొరికింది. ఎలా దొరికిందో చెబితే నవ్వుతావు. సార్‌దీ పెద్ద డాక్టర్‌దీ ఉత్తరాలు ఎలాగో సంపాదించి మళ్ళీ వెళితే రికార్డు గదిలో కొత్తగా వచ్చినాయన, “ఉత్తరాలెందుకమ్మా, మీ అన్నదే కదా” అని పెట్టె తీసి ఇచ్చాడు. సంజీవన్న తన రక్తం తనే ఇచ్చాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళది కూడా పోల్చడానికి పెట్టాను. ఆ జన్యువులో ఒకచోట తప్పుంది. ముగ్గురిలోనూ అదే చోట, అదే తప్పు. బయట ఇంకో ల్యాబ్‌కు పంపి అక్షరం అక్షరం చదివించాను. ఒక్క ఇంటి మనుషులతో అంతా రుజువైపోయిందని ఏ శాస్త్రవేత్తా అనడు. నేను మాత్రం అంటాను. నాన్న మనకిచ్చింది ఇదే.

కాగితం తీసుకుని ఊరికి వెళ్ళాను. అమ్మ మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా, ఈసారి పాఠంలా కాకుండా చెప్పాను. అంతా విన్నది. “మంచిగనే చెప్పినవ్ గని, ఆమెనే ఒప్పుకున్నది గద బిడ్డా. నలుగురి ముందు ఒప్పుకున్నది” అంది. అబద్ధమాడింది అమ్మా, అన్నను బతికించడానికి అన్నాను. “గసొంటి అబద్ధం ఎవలు ఆడుతరే?” అంది. నిజమే, ఎవరాడతారు?

సంజీవన్న మాత్రం నాతో పాటు బయటికి వచ్చి, వదిన ఆలేరులో ఎక్కడ ఉంటుందని అడిగాడు. చెప్పాను.

మా సార్ సంగతి వింటే ఒళ్ళు మండుతుంది. ఫలితం చూసి, “చాలా విలువైన కుటుంబం అమ్మా! మిగతా చుట్టాల రక్తం ఎప్పుడు తెస్తావు?” అన్నాడు. పేపర్ మీద మొదట తన పేరు రాసుకున్నాడు. ఇంటి గోల ఇంట్లో పెట్టుకుంటాను సార్ అని వచ్చేశాను. రేపు మళ్ళీ వెళ్ళి క్షమించమనాలి, డిగ్రీ ఆయన చేతిలో ఉంది.

నవత సంగతి నువ్వే ఆలోచించు. పరీక్ష చేయాలంటే చేస్తాను, వద్దంటే ఎత్తను. నేను బాగానే ఉన్నాను. పని ఎక్కువగా ఉంది, అంతే.

అమల


ఆలేరు
30 మార్చి

అమలా,

సంజీవ్ వచ్చాడు. సగం మనిషయ్యాడు, కానీ రంగు తేరుకున్నాడు. కొంచెం కొంచెంగా రోజంతా తింటూ ఉండాలట కదా, జేబులో బిస్కెట్లతో చిన్నపిల్లాడిలా వచ్చాడు. “వదినె, నాకు ఎర్కే” అన్నాడు. ఇంకేదైనా అని ఉంటే నేను తట్టుకునేదాన్ని కాదు. రాజన్న బిడ్డకు తనే కబురు పంపాడట, నా సంగతి ఇదీ అని తెలుసుకుని ఇష్టమైతేనే చేసుకో అని. ఇన్నాళ్ళకు అమ్మ ఒప్పుకోకుండా ఒక పని చేశాడు.

నవతకు నీ ఉత్తరం చదివి వినిపించాను. దాచి దాచి నాకు విసుగొచ్చింది. టెన్త్ పరీక్షలు అయ్యాక ఆలోచించుకుని తనే చెబుతానంది. రక్తం దానిది, దాని ఇష్టం. భయంగా లేదా అంటే ఉందంది. నాకూ ఉందన్నాను. ఇద్దరం పక్కపక్కనే పడుకున్నాం.

అమ్మ నమ్మలేదని కుమిలిపోకు. పదిహేనేళ్ళు నేను చేయలేదని మొత్తుకుంటే ఎవరూ నమ్మలేదు. ఒక్కరోజు చేశానంటే అందరూ నమ్మారు. నాకు ఆ ఊరితో లెక్క అక్కడే తెగిపోయింది. ఇక్కడ అందరూ నేను కుట్టిన జాకెట్లు వేసుకుంటున్నారు, పక్కింటి ముసలమ్మ నా చారు అడిగి పోయించుకుంటున్నది. నాకు ఇది చాలు. నీ కాగితం నా కోసం అయితే మడిచి పెట్టుకో.

ఇప్పుడు నీ సంగతి. ముగ్గురిలోనూ అదే తప్పు అని రాశావు. కృష్ణ, సంజీవ్. ఇద్దరే కనబడుతున్నారు. మూడోది ఎవరిది? మీ అమ్మ రక్తమిచ్చే మనిషి కాదు. నవత ఇవ్వలేదు. మిగతావాళ్ళెవరూ నిన్ను గుమ్మం తొక్కనివ్వరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం పోల్చడానికి పెట్టానన్నావు. ఆ మనిషి ఎవరో రాయకుండా సార్ గురించి అర పేజీ తిట్లు రాశావు. నవత దగ్గర పెన్ను ఆపినట్టే ఇప్పుడూ ఆపావు. నీకు అబద్ధమాడడం రాదు అమలా, నన్ను చూసి నేర్చుకో.

ఆ కాగితం ఎప్పుడొచ్చింది? ఎన్నాళ్ళుగా ఒక్కదానివే మోస్తున్నావు? ఇంతమందిని గొట్టం పరీక్షకు తరిమావు, నువ్వు పోయావా? పోలేదని నాకు తెలుసు. పని ఎక్కువగా ఉందని రాసినప్పుడే తెలిసింది.

సోమవారం పొద్దున్న రైలుకు వస్తున్నాను. సికింద్రాబాద్‌లో దిగి ఆటోలో తార్నాక వస్తాను. నవతను మా తమ్ముడి ఇంట్లోనే ఉంచుతున్నాను. నువ్వు ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా ఉండు, గొట్టం వేయాలంటే పరగడుపున ఉండాలట, సంజీవ్ చెప్పాడు. లోపల చూస్తున్నంతసేపూ నేను బయటే ఉంటాను. ఏది వచ్చినా ఇద్దరం కూర్చుని ఏడుద్దాం, తర్వాత ఏం చేయాలో చూద్దాం.

ల్యాబ్ ఉంది, సార్ ఉన్నాడు, కరెంటు లేదు అని సాకులు చెప్పావనుకో, నేరుగా గుండ్లపల్లి బస్సెక్కుతాను. నలుగురూ నీళ్ళు పట్టుకునే చోటే నిలబడి, అమలకు కూడా నేనే పెట్టిన అత్తమ్మా, జల్ది తీస్కపో అని మీ అమ్మకు చెప్పేస్తాను. ఆమె నిన్ను జుట్టు పట్టి ఈడ్చుకుపోతుంది.

నీ వదిన
వాసంతి